అచ్చు వదలని తొడుగు

ఆమె కార్ల సీట్లు కుట్టే మనిషి. మామగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. విమానం పిచ్చి మాత్రం ఇద్దరికీ ఒకేసారి పట్టుకుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం తయారవుతోంది. రెక్కలయ్యాయి, తోకయింది. ఇంజన్ మీద కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగు మిగిలింది. దాని అచ్చు చెక్కి నున్నగా రుద్దడానికే వానాకాలమంతా పట్టింది.

ముందురోజు అచ్చుకు మైనం పట్టించి, అంటుకోకుండా పైన పచ్చటి ద్రావణం పూసి, గాజు పోగులతో నేసిన గుడ్డ పరిచి, ఆరితే గట్టిపడే రెజిన్ జిగురుతో తడిపారు. తెల్లారేసరికి తొడుగు రాయిలా గట్టిపడింది. గట్టిపడడం బాగానే ఉంది, అచ్చును వదిలితేగా.

చుట్టూ చెక్క చీలికలు దిగగొట్టారు. ఉలుకూ పలుకూ లేదు.

"రంపం తెస్తానమ్మా. అచ్చు కోసేద్దాం" అన్నారు మామగారు.

ఆమె ఇక దాచి లాభం లేదనుకుంది.

"మామయ్యా, ఎడమ మూల పచ్చది పూస్తుంటే ఫోనొచ్చింది. తిరిగొచ్చాక అక్కడ పూశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు. అక్కడే కరుచుకుపోయుంటుంది."

ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఆ మూల నేను పూశాను. నువ్వు మీ అమ్మతో మాట్లాడుతున్నావు. అవి ఇప్పట్లో తెమిలే మాటలు కావని నేనే కానిచ్చేశాను."

"మరి చెప్పరేం? పొద్దుట్నుంచీ నా ప్రాణాలు పోతున్నాయి."

"నువ్వడిగితే కదా."

ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. తప్పు పూతలో లేదంటే ఇంకెక్కడో ఉంది, వెతికితే దొరుకుతుంది. లైటు పట్టుకుని అంచు వెంబడే వేలితో తడుముతూ పోయింది. కిందివైపు రెజిన్ కారి, అచ్చు అంచు దాటి, కొక్కెంలా బిగుసుకుని ఉంది. దాన్ని ఆకురాయితో రుద్ది తీసేసింది.

మామగారు గోరువెచ్చటి నీళ్ళకోసం కేకేశారు. ఆ పచ్చ పొర నీళ్ళకు కరుగుతుంది. అత్తగారు కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని చెంబు తెచ్చారు.

"ఈ కంపుకి కూర మాడినా తెలియట్లేదు నాకు" అన్నారు.

సందుల్లో నీళ్ళు పోసి కాసేపు ఆగారు. లోపలెక్కడో టప్పుమంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తితే, తొడుగు చిన్న గీతైనా పడకుండా జారి వచ్చేసింది.

విమానం ముందు పెట్టి చూశారు. ఒకవైపు కాస్త ఒరుసుకుంటోంది, రుద్దితే సరిపోతుంది. పనిమీద బయటకెళ్తున్న ఆమె భర్త షెడ్డులోకి తొంగిచూశాడు.

"ఎప్పుడు లేస్తుంది నాన్నా ఇది?"

"ముందు నా నడుం లేవనీరా" అంటూ ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

ఆమె నేలమీదే చతికిలబడింది. గాజు నూగుకి మోచేతులు దురదపెడుతున్నాయి. గోక్కుంటూనే నవ్వుతోంది, ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.