మేజరు గారి మూడో పతకం

మేజరు గారి కోటు ఇస్త్రీకి వచ్చిందంటే ముందు పతకాలు విప్పాలి, లేకపోతే పెట్టె వేడికి రిబ్బన్లు ముడుచుకుపోతాయి. ఇస్త్రీ పిన్ని ఆ అయిదింటినీ వచ్చిన వరసలోనే బల్ల మీద పేర్చుకుని, పనయ్యాక అదే వరసలో గుచ్చి పంపేది. మర్నాడు పొద్దున్నే మూడోది మళ్ళీ ఆమె బల్ల మీదే ఉండేది.

ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. రోడ్డు దాటేటప్పుడు ఆ పతకం అటూ ఇటూ చూసుకుంటుందని కూడా జనానికి తెలుసు. "పిన్నీ, మీ చుట్టం వస్తున్నాడు!" అని కేకేసి పాలవాడు తన దారిన తాను పోయేవాడు. పిన్నికి మాత్రం ఒకటే ఆరాటం. మిగతా నాలుగూ బుద్ధిగా కోటునే అంటిపెట్టుకుని ఉంటే, దీనికేం పోయేకాలం?

ఈసారి కోటు సభ కోసం వచ్చింది. ఊరి నుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల పేర్లు చెక్కిన రాయిని ఆ సాయంత్రమే మేజరు గారి చేత ఆవిష్కరింపజేస్తున్నారు. అందులో పిన్ని భర్త పేరు లేదు. ఆయన మేజరు గారి దళంలోనే లారీ డ్రైవరు. లారీతో సహా పారిపోయాడని కాగితాల్లో రాశారు. చెప్పులరిగేలా తిరిగినా ఆ మాట కొట్టేసినవాళ్లు లేరు.

కోటు తెచ్చిన మేజరు గారిని ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఈ మూడోది ఎందుకిచ్చారండీ?"

"గాయపడ్డవాళ్లని పదకొండు మందిని లారీలో ఆసుపత్రికి చేర్చానని."

"మీకు లారీ నడపడం వచ్చా?"

మేజరు గారు కోటు వైపు చూశాడు. "తొందరగా కావాలమ్మా" అని వెళ్లిపోయాడు.

సభలో అధ్యక్షుడు మేజరు గారిని పొగడడం మొదలుపెట్టగానే మూడో పతకం పిన్ను విప్పుకుని, మెట్లు దిగింది. ముందు వరసవాళ్లు దారిస్తూ కాళ్లు పైకి పెట్టుకున్నారు. అది వెళ్లి పిన్ని ఒళ్లో కూర్చుంది.

మేజరు గారు మైకు అందుకున్నాడు. "నాకు లారీ నడపడం రాదు. ఇప్పటికీ రాదు. నడిపింది ఈవిడ భర్త. పదకొండు మందిని దించి, మిగిలిపోయిన ఒక్కడి కోసం వెనక్కి వెళ్లాడు. మళ్ళీ రాలేదు. పారిపోయాడని రాస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

పిన్నికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఏం చేయాలో తోచక బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు.

రాయి పక్కనున్న రాళ్లు చెక్కే ఆయన ఉలి తీశాడు. "పేరు చెప్పమ్మా."

ముప్పై ఏళ్లలో ఆ పేరు ఆమెని ఎవరూ అడగలేదు. చెప్పింది.

"వినపడలేదమ్మా."

ఈసారి బ్యాండు ఆగిపోయేంత గట్టిగా చెప్పింది.