అరచేతిలో చుక్క

“గడ్డి తింటున్నట్టుందమ్మా,” అన్నారు మావయ్యగారు, కంచాన్ని నెమ్మదిగా ముందుకు నెట్టి.

కోపంగా అని ఉంటే బాగుండేది. అలసటగా అన్నారు. అందుకే భయం వేసింది. గుండెకి స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చి మూడు వారాలు. డాక్టరు తగ్గించమన్నది నూనె, ఉప్పు. మావయ్యగారు తగ్గించింది తిండి. ఈ మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గారు. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు ఎండలో పొలాలు కొలిచిన మనిషి. తెనాలి చుట్టుపక్కల ఎవరింట గుత్తివంకాయ బాగుంటుందో, ఎవరి గారె పైన కరకరలాడి లోపల దూదిలా ఉంటుందో ఇప్పటికీ పేర్లతో సహా చెబుతారు. అలాంటి రామబ్రహ్మం గారు కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో కూర్చుని, ఉడకబెట్టిన సొరకాయ ముక్కని వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నారు.

“నూనె లేకుండా కూడా టేస్టీగా చెయ్యొచ్చు ప్రవీణా. కొంచెం మనసు పెట్టాలంతే,” అన్నాడు మా ఆయన శ్యామ్. ఫోన్లోంచి తలెత్తకుండానే నాకు నాలుగు వీడియోలు పంపాడు. “చూడు, పది నిమిషాల్లో అయిపోతుంది.”

“మనసు పెట్టడానికి దానికి తీరికెక్కడిదిరా? ఎప్పుడు చూసినా చెవిలో ఆ మీటింగులేగా,” అన్నారు అత్తయ్యగారు.

అప్పటికి నేనింకా భోంచెయ్యలేదు.

నా ఉద్యోగం టెస్టింగ్. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిహేడేళ్ళుగా చేస్తున్నాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము లక్షల మంది చేతికి వెళ్ళకముందే దాన్ని అన్ని వైపుల నుంచీ పొడిచి, ఎక్కడ విరుగుతుందో చూడటం నా పని. నేను సరే అనందే ఏదీ బయటికి వెళ్ళదు. కోవిడ్ నుంచి ఆ పని ఇంట్లోనే, పడగ్గది కిటికీ పక్కన వేసుకున్న బల్ల మీద. అక్కడి నుంచి ఎనిమిది అడుగులు వేస్తే వంటిల్లు. ఆ ఎనిమిది అడుగుల్లో నేను వేరే మనిషినైపోతాను. ఎందుకంటే మా వంటింట్లో ఒక నియమం ఉంది. వండేవాళ్ళు రుచి చూడకూడదు. ముందు దేవుడికి నైవేద్యం. తర్వాత మావయ్యగారు, శ్యామ్, అత్తయ్యగారు. ఆఖరున నేను. అంతకంటే ముందు ఒక్క మెతుకు నా నాలిక మీద పడినా ఆ గిన్నె మొత్తం ఎంగిలే. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా వంట బాగుందో లేదో అందరికంటే చివర తెలిసింది నాకే. పాత వంటలకి అది చెల్లిపోయింది. చేతి అలవాటు మీద ఉప్పూ కారం పడేవి, కాస్త ఎక్కువ తక్కువలైనా గరిటెడు నూనె సర్దేసేది. నూనె తీసేశాక సర్దేవాళ్ళు లేరు. చింతపండు పులుపు విడిగా నాలికని కోసింది. మెంతుల చేదు పైకి తేలింది. ఉప్పు తగ్గించిన కూరలో వంకాయ వంకాయలా కాక తడి గుడ్డలా తోచింది. ఇవన్నీ నాకు తెలిసేసరికి మధ్యాహ్నం రెండున్నర అయ్యేది. అప్పటికి తీర్పులన్నీ వచ్చేసి ఉండేవి.

ఆ నెలలో గారెలు మూడుసార్లు పాడయ్యాయి. మూకుడు నిండా నూనె పొయ్యకుండా గుంటపొంగనాల పెనంలో చుక్క చుక్క వేసి కాల్చాను. మొదటిసారి లోపల పచ్చి. రెండోసారి పైన మాడింది. మూడోసారి శ్యామ్ ఒక గారెని బల్ల మీద టకటక కొట్టి చూపించాడు.

“నాన్నా, పళ్ళకి ఇన్సూరెన్స్ ఉందా?”

అత్తయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. మావయ్యగారు మాత్రం నవ్వలేదు. అందులో సగం కష్టపడి నమిలి, “బాగానే ఉందమ్మా,” అన్నారు. ఆయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. దానికంటే గడ్డి అన్న మాటే నయం.

మర్నాడు గిన్నెలు తోమే రుక్కమ్మ వచ్చేసరికి నేను గుత్తివంకాయ మీదికి వంగి, కళ్ళు మూసుకుని వాసన చూస్తున్నాను.

“ఏందమ్మా, కూరల పడతవా ఏంది?”

“ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తుందేమోనని.”

“వాసనకి ఉప్పెట్ల తెలుస్తది? నోట్లె ఏస్కుంటెనే గద!”

“మా ఇంట్లో వేసుకోకూడదు రుక్కమ్మా.”

ఆమె చేతిలో పీచు ఆగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. “పెద్దసారు తింటలేడని ఇల్లంత పరేషానయితున్నరు. జర నాలిక మీద ఏస్కోని చూస్తె ఏం బోతది? నేనైతె మూడుసార్లు చూస్త. మూడోపారి ఉప్పు కోసం గాదు, ఆకలైతది గాబట్టి చూస్త.” పకపకా నవ్వి పళ్ళెం తిరగేసి తోమడం మొదలుపెట్టింది.

అత్తయ్యగారు దేవుడి గదిలో సహస్రనామం చదువుతున్నారు. సగంలో ఉన్నారు. నాకు ఇంకో పది నిమిషాలుంది. గరిటె అంచు నుంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకున్నాను. ఆఫీసులో ఎంత పెద్ద తప్పు పట్టుకున్నా, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చుక్కకి చూశాను.

నాలికతో తీసుకున్నాను.

ఉప్పు సరిపోయింది. ఇన్నాళ్ళూ నేను అనుమానించింది ఉప్పుని, అసలు దోషి పులుపు. నూనె లేనప్పుడు అంత చింతపండు అక్కర్లేదు. చేతులు కడుక్కుని, వేయించిన నువ్వుల పొడి అరచెంచా వేశాను, బెల్లం చిటికెడు. మళ్ళీ చుక్క. కొంచెం వేయించిన ధనియాలు. మళ్ళీ చుక్క. నాలుగోసారి నాలిక మీద తెనాలి వచ్చి కూర్చుంది. లోపల సహస్రనామం ఆగింది. నేను చీర కొంగుకి అరచెయ్యి తుడుచుకుని, నైవేద్యం గిన్నెలోకి కూర తీశాను.

ఆ మధ్యాహ్నం మావయ్యగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

“ఇంకో కాయ వెయ్యమ్మా,” అన్నారు.

అంతే. ఆ మాట తర్వాత నేను వెనక్కి వెళ్ళలేకపోయాను. నింపిన వంకాయల్ని ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద మగ్గబెట్టి, ఒక్క చెంచా నూనెలో దొర్లించడం నేర్చుకున్నాను. గారెల పిండిలో నీళ్ళు ఎక్కడ ఆపాలో, పెనం మీద ఎన్ని నిమిషాలకి తిప్పాలో ఒకటి తుంచి తింటేగాని తెలియలేదు. వాటిని పలచటి మజ్జిగలో నానబెట్టి పైన చిక్కటి పెరుగు వేస్తే నూనెలో వేగలేదని ఎవరూ కనిపెట్టలేరు. పులిహోరలో సగం బియ్యం, సగం కొర్రలు. పల్లీలు నూనె లేకుండా వేయించి, ఉన్న ఒక్క చెంచా నూనె అంతా ఇంగువకీ మిరపకాయలకీ ఇచ్చాను. పెసరట్టుకి సగం కోసిన ఉల్లిపాయని నూనెలో అద్ది పెనానికి రాశాను. ప్రతిదీ ముందు నా అరచేతిలోకి వచ్చింది. సహస్రనామం ఎక్కడుందో వింటూ, మీటింగులో నా పేరు పిలుస్తారేమోనని ఇంకో చెవి అటు వేసి, దొంగలా రుచి చూసేదాన్ని. దొంగతనమే అయినా, సిగ్గుతో చెబుతున్నాను, ఆ పది నిమిషాలు నాకు నచ్చాయి. ఆవిరి పోతున్నప్పుడు తింటే కూర వేరేగా ఉంటుందని నాకు నలభై ఒకటో ఏట తెలిసింది.

తప్పు చేస్తున్నానని అనిపించింది ఒక్కసారే. చిక్కుళ్ళు ఒలుస్తూ అత్తయ్యగారు తన కథ చెప్పారు. కాపురానికొచ్చిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, పప్పుపులుసు ఒక చుక్క నాకారట. వాళ్ళ అత్తగారు చూశారు. కుండెడు పులుసు కాలవలో పోయించి, ఆ పూట ఇంటిల్లిపాదీ మజ్జిగన్నం తినేలా చేశారు. “మీ మావయ్యగారితో సహా. అందరూ నా వంక చూస్తూ తిన్నారే. ఆ తర్వాత నువ్వొచ్చేదాకా ముప్ఫై అయిదేళ్ళు వండాను. ఒక్కనాడు నాలిక్కి తగలనివ్వలేదు,” అన్నారు అత్తయ్యగారు. గర్వంగానే చెప్పారు. చెబుతున్నంతసేపూ ఒకే చిక్కుడుకాయని ఒలుస్తూ ఉన్నారు. నేను తల దించుకున్నాను.

నేను రుచి చూడటం మొదలుపెట్టిన ఏడో నెలలో మావయ్యగారి రిపోర్టులొచ్చాయి. డాక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేసి, “ఇంట్లో ఎవరో గట్టిగా పని చేశారు,” అన్నారట. శ్యామ్ సాయంత్రానికల్లా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: నాన్న డైట్ ప్లాన్ సక్సెస్. నలభై మంది చప్పట్లు కొట్టారు. అత్తయ్యగారు దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం నా చేతిలో పెట్టారు.

“నీ చేతిలో ఏదో ఉందే అమ్మాయ్. నూనె లేకుండా, రుచి చూడకుండా ఇంత కుదురుతోందంటే మాటలా! అమ్మవారే నీ చేత వండిస్తోంది.”

పదిహేనేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నిజం చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు. ఆ మెప్పు తియ్యగా ఉంది మరి.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే సోమవారం నుంచి వారానికి ఐదు రోజులూ అందరూ ఆఫీసుకి రావాలి. మా మేనేజరు పార్థసారథి మంచివాడే. ఫోన్ చేసి, “ఎవరికీ మినహాయింపు లేదు ప్రవీణ గారూ. రాలేనంటే రాజీనామా పెట్టాల్సిందే. శుక్రవారం సాయంత్రం లోపు చెప్పండి,” అన్నాడు.

ఇంట్లో చెప్పాను. ఎవరూ గొంతు పెంచలేదు.

“మానెయ్,” అన్నాడు శ్యామ్, ఫ్రిజ్ తలుపు మూసినంత తేలిగ్గా. “నాన్న కంటే ఎక్కువా?”

“నీకు మూడు రోజులు ఇంటి నుంచే కదా పని. ఆ మూడు రోజులూ నువ్వు వండు, నేను నేర్పిస్తాను. మిగతా రెండు రోజులూ నేను పొద్దున్నే వండి వెళ్తాను.”

“నేనా! నాకేం వస్తుంది ప్రవీణా? కళ్ళతో చూసి వేస్తావ్, కరెక్టుగా పడుతుంది. అది నీ గిఫ్ట్. నేర్చుకుంటే వచ్చేది కాదు.”

“పోనీ వంటమనిషిని పెడదాం.”

“పెట్టి?” అన్నారు అత్తయ్యగారు. “నీ చేతి మహిమ దానికొస్తుందా? ఆయన ప్రాణం నీ చేతిలో పెట్టాడు దేవుడు. ఉద్యోగాలదేముంది, ఎవరో ఒకరు చేస్తారు.”

మావయ్యగారు లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన కూడా అలా వెళ్ళిపోయాక ఆ వారమంతా నాకు పనిలో మనసు నిలవలేదు. ఉద్యోగం మానడం అంటే జీతం మానడం కాదు నాకు. రోజుకి ఎనిమిది గంటలు, నేను ‘ఇది సిద్ధంగా లేదు’ అంటే పదిమంది ఆగి వింటారు. అది మానడం. కిటికీ పక్కన కూర్చుని గురువారం మధ్యాహ్నం హఠాత్తుగా ఒక విషయం గమనించాను. నన్ను కట్టేసింది మావయ్యగారి జబ్బు కాదు, అత్తయ్యగారి పట్టుదల కూడా కాదు. నేను దాచిన చుక్క. అది మహిమ అని వాళ్ళనుకుంటున్నంత కాలం అది నా ఒక్కదానికే సాధ్యం. అది నాలుగుసార్లు నోట్లో వేసుకుని చూడటమే అని తెలిస్తే, నాలిక ఉన్న ఎవరికైనా సాధ్యం. మహిమ అన్న మాట చాటున నా కష్టం పోయింది, నా ఉద్యోగం పోబోతోంది. ఆ అబద్ధాన్ని ఏడు నెలలుగా స్వయంగా పెంచింది నేనే.

శుక్రవారం శ్యామ్ ఇంట్లోనే ఉన్నాడు. గుత్తివంకాయ, చారు, పెరుగు గారెలు చేశాను. వడ్డించబోయే ముందు పార్థసారథికి రెండు మాటలు పంపాను: సోమవారం వస్తున్నాను. అందరూ పెరుగు దాకా వచ్చేవరకు ఆగాను. అన్నం మధ్యలో లేపడం నాకిష్టం లేదు.

“అత్తయ్యగారూ, నా చేతిలో మహిమ లేదు,” అన్నాను. “రుచి చూసి వండుతున్నాను. ఏడు నెలలుగా, ప్రతి పూటా. ఈ ఇంట్లో ఆఖరున తినే నేను, దేవుడికంటే ముందు, మావయ్యగారికంటే ముందు తింటున్నాను.”

శ్యామ్ నోటిదాకా వెళ్ళిన గ్లాసు అక్కడే ఆగింది. “ప్రవీణా, జోకా?”

అత్తయ్యగారు కంచంలోంచి చెయ్యి తీసేశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

“చెప్పకుండా ఉంటే ఏం పోయేదే?” అన్నారు. అది డెబ్భై ఏళ్ళ మనిషి గొంతులా లేదు, పులుసు నాకి దొరికిపోయిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల గొంతులా ఉంది.

“నా ఉద్యోగం పోయేదండి.”

ఆవిడ లేచారు. “ఇక నువ్వు పొయ్యి ముట్టుకోకు.”

“అలాగేనండి,” అన్నాను.

అంత వెంటనే ఒప్పుకుంటానని ఎవరూ అనుకోలేదు. శ్యామ్ నా వంక, వాళ్ళమ్మ వంక, మళ్ళీ నా వంక చూశాడు. అతనికి అప్పుడు అర్థమైంది. “మరి నాన్నకి ఎవరు వండుతారు?” అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత పదిహేనేళ్ళలో మొదటిసారి నాది కాదు.

మావయ్యగారు ఇదంతా వింటూనే కంచంలో మిగిలిన గారె తుంచుకుని తిన్నారు. తొందరపడలేదు. ఆఖరి ముక్కతో కంచం అంచున ఉన్న పెరుగు కూడా తీసుకున్నారు. లేచి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆ గుమ్మం ఆయన దాటగా నేనెప్పుడూ చూడలేదు. లోపల పొయ్యి మీద ఖాళీ గిన్నె ఉంది. దాని వంక కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

“ఉప్పు ముందు వెయ్యాలామ్మా, చివర్నా?”

“చివర్న మావయ్యగారూ,” అన్నాను. “రుచి చూశాక.”