కాశీరాం కుడిచెయ్యి

పక్షవాతం వచ్చిన ఏడాదికి గాని కాశీరాం ఇంటివాళ్లు నన్ను పిలవలేదు. అప్పటికే కుడి మోచెయ్యి మడతపడి ఛాతీకి అతుక్కుపోయింది. వేళ్లు పిడికిలి బిగించి వదలడం లేదు. బాన్సువాడ నుంచి నస్రుల్లాబాద్ దాకా స్కూటీ మీద తిరిగే ఫిజియోథెరపిస్టును, నాకు పొగరు కొంచెం ఎక్కువే. "నెల రోజుల్ల చెయ్యి చాపిస్త తాతా" అన్నాను.

చెయ్యి వెనకవైపు ప్యాడ్లు అతికించి మిషన్ పెడితే సన్నగా కరెంటు పారి, బిగిసిన కండరం వదులవుతుంది. అరగంటయ్యాక మెల్లగా సాగదీయాలి.

ఆయన భార్య నర్సవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఎప్పుడూ కుడిపక్కనే కూర్చునేది. అన్నం కూడా అటునుంచే తినిపించేది. పడిపోయిన వైపు కూర్చుంటే రోగికి మంచిదని మాకు చదువులో చెప్పారు. ఈమెకెవరు చెప్పారో అని మెచ్చుకున్నాను.

"మంచికి గాదు బిడ్డా. గీ దిక్కైతే దెబ్బ అందదు" అని పై పెదవి ఎత్తి చూపించింది. ముందుపళ్లు రెండు లేవు. "ముప్పై ఏండ్లు తిన్న. గీ ఏడాదే జర నిమ్మళంగున్న. మిషన్ పెట్టినట్టు జేసి పోరాదు? నీకు దండం పెడ్త."

నాకు చిర్రెత్తింది. "మంచానపడ్డ మనిషి మీద ఇంక పగేంది అవ్వా? ఎట్ల ఏడుస్తుండో చూడు." నిజంగానే ఏడ్చేవాడు, నా ముందు. ఒక ముసలమ్మ భయం కోసం నా పనితనం పాడుచేసుకుంటానా? కరెంటు కాస్త పెంచాను.

ఇరవై ఆరో రోజు కాశీరాం చెయ్యి చాపాడు, వేళ్లు విప్పాడు. వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. నర్సవ్వ చాట తీసుకుని గడప లోపలికి జరిగింది.

"ఏడికి పోతున్నవే? పక్కన కూసో" అన్నాడాయన నవ్వుతూ.

"కూసో అవ్వా. ఆయన చెయ్యి పట్టుకో, వేళ్లకు మంచిది" అన్నాను నేను. కూర్చోబెట్టి మరీ వచ్చాను.

రెండు రోజుల తర్వాత వెళ్తే ఆయనే చెయ్యి చాచి చూపించాడు. "మంచిగ పనిజేస్తుంది రవళీ, నీ పుణ్యం."

నర్సవ్వ చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. నోరు తెరుచుకోక, పళ్ల సందులోంచి గంజి పోసుకుంటోంది. ఆమె నన్ను ఒక్క తిట్టయినా తిట్టలేదు. నా సంచీ వైపు చూసి, కష్టం మీద పెదాలు కదిపింది.

"గీ మిషన్ దవడకు గూడ పెడ్తరా బిడ్డా?"