పిడికిలి జాగా

ట్రక్కు పల్టీ కొట్టినా లోపలివాళ్లు నలగకుండా ఇనుప గొట్టాలతో పంజరం కడతాం. దాన్నే కేజ్ అంటాం. మెక్సికోలో మా ఊరు ఎన్సెనాడాలో కేజ్ కట్టే వెల్డర్లు చాలామందే ఉన్నారు. హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుని, తలకీ గొట్టానికీ మధ్య పిడికిలి పడుతోందో లేదో చూసేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నాకు చాదస్తమంటారు. అననీ.

పందొమ్మిదేళ్లు ఎడారి పందేల్లో నా స్నేహితుడు ఎవరిస్తో ట్రక్కు నడిపాడు, నేను పక్కన కూర్చుని దారి చెప్పాను. ఎడమ, గుంత, నెమ్మది. ఏడాది మొత్తంలో నేను నోరారా మాట్లాడేది ఆ ట్రక్కులోనే. మిగతా రోజులు షెడ్డు, నేను, రేడియో.

మార్చిలో వాడు కొత్త ట్రక్కు తెచ్చాడు. చేప టాకోల పొట్లం బల్లమీద పెట్టి, ఎడారికి నడుం సహకరించడం లేదన్నాడు. ఇకమీదట స్టేడియంలో గుండ్రంగా తిరిగే పందేలేనట. ఆ ట్రక్కులకు ఒకటే సీటు. ఆ సంగతి మాత్రం చివర్లో, టాకో నములుతూ చెప్పాడు.

"కేజ్ నువ్వే కట్టాలిరా నబోర్. ఇంకొకడి చేతిని నేను నమ్మను."

కట్టకేం, కడతానన్నాను.

పది రోజులు గొట్టాలు వంచాను. పైభాగానికి కొలత చూసుకోలేదు, చేతికి అలవాటేగా. చుక్కల వెల్డింగుతో తాత్కాలికంగా నిలబెట్టి చూస్తే, కుడివైపు అడ్డగొట్టం ఒక తల పట్టేంత ఉబ్బెత్తుగా వంగి ఉంది. చూడ్డానికొచ్చిన ఎవరిస్తో ఆ ఉబ్బుమీద చెయ్యి పెట్టాడు.

"ఇక్కడెవర్రా కూర్చునేది?"

"ఎవరూ లేరు. తప్పు వంచాను."

"ఉండనీరా. బాగానే ఉంది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉండనివ్వాలనే ఉంది. కానీ వంకర గొట్టం పల్టీలో ముందు అక్కడే మడతపడుతుంది, కప్పు మొత్తం వాడి మెడమీదికి దిగుతుంది.

"నోర్మూసుకుని ఇంటికి పో" అన్నాను.

వాడు వెళ్లాక ఆ గొట్టం కోసేశాను. దాని బదులు తిన్నటిదొకటి, వెనక మూలనుంచి ముందు మూలకి, నా చోటుమీదుగా వేశాను. వెల్డు చల్లారాక హెల్మెట్ పెట్టుకుని వాడి సీట్లో కూర్చున్నాను. పిడికిలి పట్టింది. తర్వాత పక్కకి జరిగి, సీటు లేని ఉత్త రేకుమీద మోకాళ్లపై లేచి, పాత సీటు ఎత్తులో ఎప్పటిలా తల నిలబెట్టాను. హెల్మెట్ ఠంగున గొట్టానికి తగిలింది.

వేలు కూడా పట్టలేదు. కేజ్ సరిగ్గా వచ్చింది.