రిలీవర్ రాలేదు

పెళ్లయిన కొత్తలో కోడలికి రిలీవరంటే ఎవరో పెద్ద ఆఫీసరని ఉండేది. అంతటి మొనగాడు కాకపోతే, ఆయన రాలేదని మొగుడు బావమరిది పెళ్లి ఎగ్గొడతాడా? కట్టుకున్నదానికి జ్వరమొచ్చినా ఇంటి ముఖం చూడకుండా ఉంటాడా? "రిలీవర్ రాలేదు" అని మిల్లు నుంచి కబురు రావడం, ఈమె వండినదాని మీద మూత పెట్టి మెటికలు విరవడం. "ఆ రిలీవరుగారి కాళ్లు విరగ!" అని తిట్టుకునేది. మంచం మీద కూర్చున్న అత్త పకపకా నవ్వేది. అత్తది గడుసు నోరు, ఎవరినీ వదిలేది కాదు. కోడలి తిట్లంటే మాత్రం ఆమెకు మహా ఇష్టం.

ఒకసారి మొగుడికి రెండో షిఫ్టు కూడా పడితే, కోడలే క్యారేజీ పట్టుకుని బాయిలర్ గదికి వెళ్లింది. గుడ్డలకు రంగులద్దే మిల్లు అది. మొగుడు ఒక గాజు గొట్టంలో ఆడుతున్న నీళ్ల మీంచి కళ్లు తిప్పకుండానే "అక్కడ పెట్టు" అన్నాడు. అంతలో బక్కపలచని మనిషొకడు దగ్గుకుంటూ వచ్చాడు. గొట్టం కింద కుళాయి తిప్పి బుస్సుమని ఆవిరి వదిలాడు, నీళ్లు మళ్లీ గీతదాకా ఎక్కేవరకూ చూశాడు, అప్పుడు గట్టిగా "తీసుకున్నా" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాకే మొగుడు ఒళ్లు సడలించాడు.

"ఈయనేనా రిలీవరు?" అంది కోడలు, బయటికొచ్చాక.

"ఈయనే. నేను డ్యూటీ దిగేటప్పుడు అతను నాకు రిలీవరు, అతను దిగేటప్పుడు నేను అతనికి. తీసుకున్నా అని నోటితో అనేదాకా కదలకూడదు. నీళ్లు అడుగంటాయంటే బాయిలర్ పేలి మిల్లు లేచిపోద్ది."

"అయ్యో, ఈ పీనుగునా ఇన్నాళ్లూ తిట్టింది నేను!"

ఇంటికొచ్చి ఆ దగ్గూ, ఆ కుళాయి తిప్పడం అత్తకు చేసి చూపించింది. అప్పటినుంచీ అత్తాకోడళ్లకు అదో ఆట. "అత్తయ్యా, పాలు పొయ్యి మీదున్నాయి, స్నానానికి పోతున్నా" అంటే, "తీసుకున్నా! నువ్వు దిగు!" అని అత్త మంచం మీంచి కేకేసేది. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆ నవ్వులే దానికి సందడి.

తర్వాత అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, అంత నోరూ మూగబోయింది. ఇంకేం, కోడలి బతుకు మంచానికి కట్టేసినట్టయింది. గడ్డం కిందికి వంచి జావ చెంచా చెంచాగా పోయాలి. మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూడాలి. పొలమారితే ప్రాణానికే ముప్పు. పక్క తడిస్తే మార్చాలి, ఒళ్లు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పాలి. మొగుడు ఇంటికొచ్చేసరికి కూర్చున్నచోటే నిద్రపోయేవాడు. అతన్నని లాభం లేదు.

అలాంటి రోజుల్లో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఇంక ఎంతోకాలం ఉండదంటున్నారు. కళ్లు తెరిస్తే నిన్నే అడుగుతోంది. ఒక్కసారి వచ్చి పో."

ఆ పూట ఆటకి కాకుండా, మొదటిసారి నిజంగా వాడింది కోడలు ఆ మాట. "ఏమండీ, నాకు రిలీవరు కావాలి."

మొగుడు నవ్వబోయి ఆగాడు. "నాకే దొరకట్లేదే. ఆ దగ్గు మనిషి మంచం పట్టాడు. ఇంకొకర్ని పెట్టమంటే మేనేజరు చూద్దాం చూద్దాం అంటున్నాడు."

"మీ బాయిలర్ పేలుతుందని మిల్లంతా హడలిపోతుంది. నేను పేలితే ఎవడికి భయం?"

రెండు వీధుల అవతల ఉండే ఆడపడుచుని బతిమాలితే, "మా అమ్మని నేను చూసుకోనా వదినా, రేపు పొద్దున్నే వచ్చేస్తా" అంది. కోడలు సంచి సర్దుకుంది. తెల్లారి అత్తకు ఒళ్లు తుడిచి, జావ పట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఎండెక్కింది. ఆడపడుచు రాలేదు, ఫోనొచ్చింది. "ఇంటికి చుట్టాలు దిగారు వదినా, ఏమనుకోకు, రేపు తప్పకుండా." మొగుడైనా దిగి వస్తాడని చూసింది. మిల్లు నుంచి పాత కబురే వచ్చింది. అత్తను ఒంటరిగా వదిలి పోదామని వీధిలోకి దిగింది కూడా. లోపలినుంచి పొలమారిన దగ్గు వినబడితే పరుగున వెనక్కొచ్చింది. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఏడుపు తప్ప మాట లేదు.

కోడలు గోడకు చేరగిలబడింది. కన్నతల్లి కడచూపు దక్కలేదు. ఆ దుఃఖం ఎవరి మీద దించుకోవాలో తెలియక, ఎదురుగా ఉన్నదాని మీదే విరుచుకుపడింది. అత్తయ్యా, మీరూ అనే నోటితోనే, "నువ్వు పోతే తప్ప నాకు రిలీవరు రాడే ముసలిదానా!" అని అరిచింది. అత్త ఎడమ కన్ను రెప్పలార్చింది. అంతే.

కోడలి తల్లి చావు కబురు వినగానే మాత్రం ఆడపడుచు అరగంటలో ఊడిపడింది. "తీసుకున్నా అని చెప్పు" అంది కోడలు సంచి అందుకుంటూ. ఆడపడుచు వింతగా చూసింది. "ఏం తీసుకోవాలి వదినా?" కోడలు గడప దాటి బస్సెక్కింది.

కర్మలు ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆడపడుచు సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. "నువ్వెళ్లిన దగ్గర్నుంచీ గుక్కెడు నీళ్లు తప్ప ఏదీ మింగనని మొండికేసింది వదినా. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేస్తే పీకేసుకుంది. నావల్ల కాదు తల్లీ" అని వెళ్లిపోయింది.

అత్త చిక్కి సగమైంది. కోడలు జావ కలిపి, గడ్డం కింద చెయ్యి పెట్టి చెంచా అందించింది. అత్త పళ్లు బిగించింది.

"కోపంలో అన్నానత్తయ్యా. అమ్మ పోయిన బాధలో అన్నాను. నా నోరు పడిపోను, నోరు తెరవండి."

అత్త ఎడమ చెయ్యి మెల్లగా లేచి చెంచాను పక్కకు నెట్టింది. ఆ వంకర మూతి ఏదో చెప్పడానికి తంటాలు పడింది. కోడలు చెవి దగ్గరగా పెట్టింది.

"తీ... సు... కున్నా," అంది అత్త. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అంది. "నువ్వు... దిగు."

మళ్లీ పళ్లు బిగించుకుంది. కోడలు భోరున ఏడుస్తూ, చల్లారిపోతున్న జావలో చెంచా ముంచింది.