నీలాంబ రాణికి వంత

నాగపూర్‌లో రెండేళ్ళు టీచరు ట్రైనింగు చేసి వచ్చినవాడికి మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే మా సిరొంచలో అన్నీ పాతబడిపోయినట్టే కనిపిస్తాయి. నాకూ అలాగే కనిపించాయి. నాగపూర్‌లో టికెట్టు కొని నాటకాలు చూశాను మరి. రెండు గంటల్లో కథ ముగిసేది, జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయేవాళ్ళు. మా నీలాంబ రాణి ఆట అలా కాదు. రాత్రి మొదలుపెడితే కోడి కూసేదాకా సాగేది. అయినా చెబుతున్నాను, ప్రాణహితకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అంతటి ఆట ఇంకొకటి లేదు. మొదటినుంచి చివరిదాకా అంతా పాటే. చేయని తప్పుకు రాజు ఏరు దాటించి వెళ్ళగొట్టిన రాణి, పన్నెండేళ్ళకు తిరిగొచ్చి నిండు కొలువులో అతణ్ణి నిలదీస్తుంది.

రాణి వేషం కట్టే బుచ్చన్న పోయాక ఆ ఆట పదమూడేళ్ళు మూలపడింది. 1987 చలికాలంలో జిల్లా సాహెబులు మా బడి మైదానానికి వస్తున్నారని తెలిసి, దాన్ని మళ్ళీ లేపుతానని నేను మాటిచ్చాను. అదీ కొత్త పద్ధతిలో. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి అయిదింటికి ముగించాలి. రాణి వేషం ఆడమనిషే వెయ్యాలి.

ఆ ఆడమనిషిని రేగుంట నుంచి సాంబన్న తీసుకొచ్చాడు. ఎవరో కాదు, తన కోడలు భూదేవే. సాంబన్న వరి పండించే రైతు. పాత ఆటలో పాతికేళ్ళు వంత పాడాడు. అంటే రాణి ఒక చరణం పాడి పల్లవి అందుకోగానే, వెనక నిలబడి తాళాలు కొడుతూ ఆ పల్లవిని తిరిగి పాడటం ఆయన పని.

"నాట్లేసేటప్పుడు విన్న గురుజీ, ఈ పిల్ల పాట. మా బుచ్చన్న మళ్ళ వచ్చిండా అనుకున్న," అన్నాడు.

కోడలితో వేషం కట్టిస్తావా అని ఊళ్ళో నలుగురూ నోరు పారేసుకుంటే, వాళ్ళ ఇళ్ళకు పోయి మరీ కొట్లాడి వచ్చాడట. అంత చేసిన మనిషిని నేను ఆటలోంచి తీసేశాను.

వంత ఉంటే ప్రతి పల్లవీ రెండుసార్లు, మూడుసార్లు వినాలి. సాహెబులు కుర్చీల్లో కునుకు తీస్తారు. ఆ మాట సూటిగా చెప్పే ధైర్యం లేక ఒక సాకు వెతుక్కున్నాను.

"కోడలు అన్నదల్లా మామ తిరిగి అంటుంటే చూసేటోళ్ళు నవ్వరా, సాంబన్నా?"

ఆయన ముఖం మాడిపోయింది. తాళాలు రుమాలులో చుట్టుకున్నాడు. "మంచిది గురుజీ. ఇగ ఆ దినం నేను నోరు తెరిస్తె ఒట్టు," అని వెళ్ళిపోయాడు.

హార్మోనియం బర్కత్ అలీది. బజారులో బట్టల దుకాణం నడుపుతాడు, పాత ఆటకూ ఆయనే వాయించేవాడు. నన్ను పక్కకు పిలిచి, "వంత తీసేస్తె ఆ బిడ్డ దమ్ ఎక్కడ తీసుకుంటది గురుజీ? జర ఆలోచన చెయ్యిండ్రి," అన్నాడు.

"రోజూ పాడుతనే ఉన్నది గద చాచా," అని కొట్టిపారేశాను. ఆఖరి పాటను రోజుకు మూడు నాలుగు చరణాల చొప్పున నేర్పించానే తప్ప, మొత్తం పన్నెండూ ఒక్క ఊపున ఎన్నడూ పాడించలేదని నాకు తట్టలేదు. తట్టినా వినేవాణ్ణి కాదేమో, అప్పటి నా తలపొగరు అలాంటిది.

ఆ రోజు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. రేగుంట నుంచి బండ్లు కట్టుకొచ్చారు. జింగనూర్ వాళ్ళు ముందురోజే బయలుదేరి వచ్చారు. సాంబన్న ముందు వరుసలో నేలమీద, తాళాల మూట ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు.

భూదేవి మొదటి పాట ఎత్తుకోగానే గుసగుసలు ఆగిపోయాయి. గంటన్నరసేపు నేను నేలమీద లేను. తెలుగు ఒక్క ముక్క రాని పెద్ద సాహెబు కూడా మెడ నిక్కించి చూస్తున్నాడు.

ఆఖరి పాట మొదలైంది.

"ఏరు దాటితి గాని రాజా, మాట దాటలేదు..."

పాడుతూ అడుగులు వేయాలి. పాత ఆటలో వంత సాగినంతసేపూ రాణి నిలబడి గుండె నిండా గాలి పీల్చుకునేది. ఆ కాస్త చోటునే నేను కోసిపారేశాను. నాలుగో చరణానికి భూదేవి గొంతు చీలింది. ఆమెకు ఊపిరి అందాలని బర్కత్ అలీ హార్మోనియం సాగదీసి చూశాడు. ఆరో చరణం అయ్యాక పల్లవి సగంలో తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు.

జనంలో వెనక ఎవడో నవ్వాడు. "ఆడోళ్ళతోని అయ్యే పనేనా ఇది?" అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది. ఈ పిల్ల ఇక జన్మలో వేషం కట్టదు, ఆట మళ్ళీ మూలకే అనుకున్నాను.

అప్పుడు తాళాలు మోగాయి. ముందు వరుసలో సాంబన్న లేచి నిలబడ్డాడు.

"ఏరు దాటితి గాని రాజా..."

బొంగురు గొంతు. రెండోసారి అనేసరికి రేగుంటవాళ్ళు కలిశారు. మూడోసారికి మైదానమంతా అందుకుంది. పదమూడేళ్ళయినా ఒక్కరూ మరచిపోలేదు. భూదేవి కళ్ళు మూసుకుని, తీరిగ్గా, గుండె నిండా గాలి పీల్చుకుంది. ఏడో చరణం ఎత్తుకుంటే మొదటి పాటకన్నా గట్టిగా వచ్చింది. పన్నెండో చరణానికి రాజు వేషం వేసిన శంకరన్న నిజంగానే తలదించుకున్నాడు. పక్కతెర వెనక నేనూ గొంతు చించుకుని పాడుతున్నాను. ఇది మా ఆట, మా జనం అని ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

ఆట ముగిశాక పెద్ద సాహెబు నా చేయి పట్టుకుని మరాఠీలో పొగిడాడు. పాడేవాళ్ళను జనంలో కూర్చోబెట్టడమనే ఇంత కొత్త ఆలోచన బొంబాయిలో కూడా చూడలేదన్నాడు. వచ్చే నెల అహేరిలో ఆడాలన్నాడు. ఒక్క క్షణం ఆ పొగడ్త జేబులో వేసుకుందామనిపించింది. కానీ సాంబన్న అక్కడే, రుమాలుతో తాళాలు తుడుచుకుంటున్నాడు.

"వంత తీసేసింది నేను సాహెబ్. తెచ్చింది ఈయన," అని ఆయన్ను ముందుకు లాగాను.

బండి దగ్గర సాంబన్న ఊరి యాదక్క ఊరుకోలేదు. "ఏం సాంబన్నా, మామవై ఉండి కోడలు అన్నదల్లా నువ్వు గూడ అంటివి?"

అచ్చంగా నేను వెతుక్కున్న సాకే అది. నేను తలదించుకున్నాను. ఆయన దించలేదు.

"అవు, అన్న," అన్నాడు అందరికీ వినపడేలా. "ఏడు చరణాలకూ అన్న. ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?"