బయట నాలుగు, లోపల పదమూడు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: యాకుత్‌పురా స్టేషన్‌కు నాలుగు అడుగుల దూరంలో ఒక మ్యాచింగ్ సెంటర్, దాని కౌంటర్ మీద ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో నేనే రాసుకున్న పదిహేడు ఫంక్షన్లు, మా తాత మొగులయ్య వదిలిపోయిన ఒక రహస్యపు మాట, మా చిన్నాయన కొడుకు బాలరాజ్‌కు నా మీద ఉన్న గౌరవం.

మ్యాచింగ్ సెంటర్ అంటే జాకెట్ ముక్కలు, లైనింగులు, చీర ఫాల్స్ అమ్మే షాపు. మా దగ్గర ఒక్క ఎరుపే ఇరవై రెండు రకాలు. ఇవన్నీ గుర్తుపెట్టుకునే వయసు దాటాక, వీడియోలు చూసి పవర్‌షెల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. అదే ఎందుకంటే, అది విండోస్‌తో పాటే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ రాశాను: బిల్లు వేసేది ఒకటి, స్టాకు చూసేది ఒకటి, స్టిక్కర్ కొట్టేది ఒకటి, రోజు మొత్తం చూపేది ఒకటి. వాటి వెనక సాయానికి ఇంకో పదమూడు. అన్నీ ఒకే ఫైలులో పెట్టాను. దాన్ని మాడ్యూల్ అంటారు. తెలిసిన మరో ఆరు షాపులవాళ్లు అడిగితే ఇచ్చాను. ఇచ్చినందుకు నాకు వచ్చింది పేరు. బజారులో 'జగదీశ్వర్ మాడ్యూల్' అనేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

అప్పుడు బాలరాజ్ దాని మీద స్క్రీన్ చేశాడు.

బాలరాజ్‌కు సంతోష్‌నగర్‌లో ఇదే వ్యాపారం. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. నా కంప్యూటర్‌లో అయితే నల్ల కిటికీలో అక్షరాలు కొట్టాలి. వాడు నా మాడ్యూల్ పైనే రంగుల గళ్లు, పెద్ద బటన్లు పెట్టాడు. బోనాలకు రెండు వారాల ముందు షాపులవాళ్ల మీటింగులో అందరికీ చూపించాడు. ఒక జాకెట్ ముక్క స్టిక్కర్ మీది అక్షరాలు కొట్టి, ధర తగ్గిస్తూ పోయాడు. ఒక చోట గడి ఎర్రబడింది.

"ఇగ దీని కిందికి పోతే నష్టమన్నట్టు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా సంఘం పెద్ద కైలాసం నా వైపు తిరిగాడు. "జగదీశ్వర్, నువ్వు ఇంట్ల ఏదో రాసుకున్నవ్ గానీ, దానికి మొఖం పెట్టినోడు మాత్రం నీ తమ్ముడే. గర్వంగ లేదా?"

"మస్తు గర్వంగ ఉన్నది," అన్నాను. నోట్లో ఉన్న సమోసా ముక్క లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

బయటికి వచ్చేటప్పుడు బాలరాజ్ నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "అన్నా, నీ గోడౌన్ తలుపు తెరిచే ఉన్నది. జర చూసుకో."

బండి స్టార్ట్ చేస్తుండగా ఆ మాటకు అర్థం తోచింది. గోడౌన్ అంటే నా మాడ్యూల్. గడి ఎర్రబడాలంటే కొన్న ధర తెలియాలి. కొన్న ధర మేము స్టిక్కర్ మీద అంకెల్లో రాయం. తాత మాటలో పది అక్షరాలున్నాయి, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. గిరాకీకి అక్షరాలే కనిపిస్తాయి, మాకు ధర కనిపిస్తుంది. ఆ అక్షరాలను అంకెలుగా మార్చే ఫంక్షన్ నా పదిహేడులో ఒకటి. దాని పేరు 'అసలు'. అది నా లోపలి పని. వీడు నా లోపలికి దూరి, దాన్ని తీసుకుని, పైగా తలుపు తెరిచి ఉందని నాకే వెక్కిరింపుగా చెబుతున్నాడు. వాడికీ ఆ తాతే, వాడికీ ఆ మాట తెలుసు. అయినా రాసింది నేను.

వారం రోజులు నాకు ఏ పనీ సరిగా సాగలేదు. గిరాకీ వచ్చి "సంతోష్‌నగర్‌లో మీ తమ్ముడి షాపు చూసినం భయ్యా, కంప్యూటర్ ఎంత బాగుందో" అంటే, ఆ మనిషికి ముప్పావు మీటరు కొలిచేటప్పుడు టేపు బిగించి పట్టేవాణ్ణి. అన్నంలో ఉప్పు తక్కువైతే కూడా బాలరాజ్ గుర్తొచ్చాడు.

బోనాలకు ముందు గురువారం మధ్యాహ్నం, బజారు చల్లబడ్డ వేళ, పవర్‌షెల్ పుస్తకం ఒకటి తిరగేస్తే నాకు కావలసింది దొరికింది. మాడ్యూల్ చివర ఒక వరుస రాయవచ్చు. ఆ వరుసలో పేర్లు రాసిన ఫంక్షన్లే బయటివాళ్లకు కనిపిస్తాయి. మిగతావి లోపల ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి తప్ప బయటినుంచి పిలిస్తే పలకవు. ఆ వరుసే రాయకపోతే అన్నీ బయటే. నేను ఇన్నాళ్లూ రాయలేదు.

రాశాను. బిల్లు, స్టాకు, స్టిక్కర్, రోజు మొత్తం. ఈ నాలుగే బయట. 'అసలు'తో కలిపి పదమూడు లోపల. కొత్త ఫైలును మా వాట్సాప్ గ్రూపులో పెట్టి, "భద్రత కోసం అందరూ మార్చుకోగలరు" అని రాశాను. మొదట బొటనవేలు ఎత్తింది బాలరాజే. ఎత్తనీ, రేపు ఆ వేలు కొరుక్కుంటాడు అనుకున్నాను.

శుక్రవారం బోనాల గిరాకీ విరుచుకుపడే రోజు. షాపు తెరిచి, నా కంప్యూటర్‌లోనూ కొత్త ఫైలు వేసి, కౌంటర్ నా భార్య యశోదకు అప్పగించాను.

"ఇయ్యాల యాడికి?" అంది.

"బాలరాజ్ దగ్గర బంగారు రంగు లైనింగ్ ఉన్నదట, తెస్త."

"మన దగ్గర నాలుగు తాన్లున్నయి గద?"

నేను అప్పటికే బండెక్కాను.

సంతోష్‌నగర్‌లో వాడి షాపు నిండా ఆడవాళ్లు. నేను ఒక స్టూలు మీద కూర్చుని స్క్రీన్ కేసి చూస్తూ చాయ్ తాగసాగాను. వాడు స్టిక్కర్ కొట్టాడు. బిల్లు వచ్చింది. ఇంకొకటి కొట్టాడు. వచ్చింది. ఒకావిడ ధర తగ్గించమని పట్టుబట్టింది, వాడు తగ్గిస్తూ పోయాడు, గడి ఎర్రబడింది. వాడు "అయిపాయె అక్కా, ఇగ నాతోని గాదు" అని నవ్వాడు. నా చాయ్ చల్లారింది.

"బాలరాజ్, కొత్త ఫైలు ఏసినవా?"

"పొద్దుగాలనే ఏసిన అన్నా. మస్తుంది."

"మరి ఎర్ర గడి ఎట్ల వస్తున్నది? 'అసలు' మూసిన గద?"

వాడు బిల్లు చింపి గిరాకీకి ఇచ్చి నా వైపు వింతగా చూశాడు. "'అసలు'ను నేనేడ పిలిచిన? నీ బిల్లు ఫంక్షనే చెప్తది గదన్నా, ధర తక్కువైతే 'తక్కువ' అని. నువ్వు రాసిందే. అది రాంగనే నేను ఎరుపు రంగు పూసిన, గంతే."

నేను రాసిందే. రెండేళ్ల కింద రాసి, ఒక్కసారి కూడా వాడుకోకుండా మరిచిపోయిన వరుస.

"గోడౌన్ తలుపు తెరిచి ఉన్నదని నువ్వే అంటివి."

"అన్న. నేను లోపలికి పోయిన అనలే. ఆరు షాపులల్ల నీ ఫైలు ఉన్నది. ఎవడైనా నీ స్టిక్కర్ మీది అక్షరాలు కొడితే నీ కొన్న ధర వస్తుండె. నా ధర గూడ. తాత మాట ఇద్దరిది గద. మీటింగుల అందరి ముంగట చెప్తే మంచిగుండదని గట్ల చెప్పిన. నీకు సమజ్ కాలే?"

అప్పుడే ఫోన్ మోగింది. యశోద.

"ఏం చేసిపోయినవ్ నువ్వు? ఏ స్టిక్కర్ కొట్టినా ఎర్ర అక్షరాలు. 'అసలు' అనేది ఏందో తెలవదంటున్నది మిషన్."

నా కౌంటర్ స్క్రిప్టు, అంటే కౌంటర్ మీద రోజూ నడిపే ప్రోగ్రాం, మాడ్యూల్‌కు బయట ఉంది. అది బిల్లు ఫంక్షన్‌ను అడిగి ఊరుకోదు. నేను యజమానిని కదా అని, 'అసలు'ను, ఇంకో ఐదింటిని నేరుగా పిలిచేలా రాసుకున్నాను. బాలరాజ్ కౌంటర్ ముందు నిలబడి అడిగాడు. కౌంటర్ దూకి లోపలికి పోతున్నది ఒక్క నేనే.

"ఇప్పుడెట్ల?" అన్నాను ఫోన్‌లో.

"ఎట్లేంది? స్టిక్కర్ మీద అక్షరాలు నాకు చదవరాదా? పదిహేనేండ్ల సంది చదువుతున్న. కాగితం మీద బిల్లులు రాస్తున్న. నువ్వు బంగారు లైనింగ్ నిమ్మళంగ తే." వెనక ఎవరో "మషీన్ ఖరాబ్ హుయీ క్యా బాజీ?" అని, మిషన్ పాడైందా అన్నట్టు అడగడం, యశోద "మషీన్ నై, మషీన్‌వాలా" అనడం వినిపించాయి.

బాలరాజ్ అంతా విన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వి ఉంటే నాకు బాగుండేది, తిరిగి తిట్టే వీలుండేది. వాడు "అన్నా, నీ కౌంటర్ స్క్రిప్టు నీ ఫోన్ల ఉంటది గద, నాకు పంపు, బిల్లు నుంచే తీసుకునేటట్టు చేస్త. పది నిమిషాల పని" అన్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తర్వాత పదిరోజులకు లెక్క చూసుకున్నాను. నా వరుస ఫంక్షన్లను బయటినుంచి పిలవకుండా ఆపుతుంది గానీ, ఫైలు తెరిచి చదివేవాణ్ణి ఆపదు. పాత ఫైళ్లు ఆరు షాపుల్లో ఉండనే ఉన్నాయి. కాబట్టి తాత మాట పోయినట్టే రాసుకున్నాను. కొత్త మాట కావాలి. ఒక్క అక్షరం రెండోసారి రాకూడదు. నేను మూడు రోజులు ఆలోచించి ఒకటి తెచ్చాను. బాలరాజ్ స్కూటర్ మీద కూర్చునే ఒకటి చెప్పాడు. వాడిదే బాగుంది. అదే పెట్టుకున్నాం. ఈసారి ఆ మాట మాడ్యూల్‌లో లేదు, ఎవరి షాపు కంప్యూటర్‌లో వాళ్ల దగ్గర వేరుగా ఉంది. స్టిక్కర్లన్నీ యశోదా నేనూ మళ్లీ అంటించాం. ఎన్ని అంటించామో ఆమె ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

చివరికి మిగిలింది ఇది. షాపు ఉంది, కంప్యూటర్ ఉంది. ఫంక్షన్లు పదిహేడే, నాలుగు బయట, పదమూడు లోపల. తాత మాట ఖర్చు, తమ్ముడి మాట జమ. వాడికి నా మీద గౌరవం తగ్గినట్టు కనిపించలేదు. మీటింగులో ఇప్పుడు కైలాసం "అన్నదమ్ముల మాడ్యూల్" అంటున్నాడు, అంటే నా పేరు సగం పోయింది. వాడి ఎర్ర గడి చూసినప్పుడల్లా నాకు కడుపులో ఇంకా కొంచెం మండుతుంది. దాన్ని ఆ పదమూడింటి పక్కన పెట్టాను. బయటినుంచి పిలిస్తే పలకదు.